ఫోటోకీ మొహానికీ మధ్య

తెల్ల కాయితాన్ని ఫోటో తియ్యమన్నారు మా సార్. తీశాను. నల్ల గుడ్డను తియ్యమన్నారు. అదీ తీశాను. ఫ్రేమ్ నిండా కాయితమే ఉండాలి, ఫ్రేమ్ నిండా గుడ్డే ఉండాలి, కెమెరా ఆటోలోనే ఉండాలి అని షరతు. రెండు ఫోటోలూ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది కాయితం, ఏది గుడ్డ?" అన్నారు. గుడ్డ మడతల్ని బట్టి చెప్పగలిగాను కానీ రంగుని బట్టి చెప్పలేకపోయాను. రెండూ ఒకే బూడిద రంగులో వచ్చాయి.

కెమెరాకి తెలుపు తెలీదు, నలుపు తెలీదు. ఎదురుగా ఏమున్నా సరే, అది తన మీద పడ్డ వెలుతురులో సుమారు 18 శాతం వెనక్కి పంపే మధ్యరకం బూడిద వస్తువే అనుకుని లెక్క కడుతుంది. కాయితం మరీ మెరిసిపోతోందని కాంతి తగ్గిస్తుంది. గుడ్డ మరీ చీకటిగా ఉందని పెంచుతుంది. "కాదులే, అది నిజంగానే తెల్లగా ఉంటుంది" అని మనిషి పక్కన నిలబడి చెప్పాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న చిన్న స్టూడియోలో ఇది నా మొదటి పాఠం. పొద్దున కోర్సు క్లాసులు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఇక్కడ పని. అప్పుడది ఒక టెక్నికల్ సంగతి అనుకుని నోట్‌బుక్కులో రాసేసుకున్నాను. ఉన్నది ఉన్నట్టు చూపించే యంత్రం అని నమ్మి కదా దీని దగ్గరికి వచ్చాను, అలాంటి యంత్రమే లేకపోతే నేను నేర్చుకుంటున్నది ఏమిటి అన్న ప్రశ్న తర్వాతెప్పుడో మొదలైంది.

లైటింగ్ నేర్చుకునేటప్పుడు ఆ ప్రశ్న ఇంకా ముదిరింది. లైటుని మొహానికి ఎదురుగా పైన పెడితే ముక్కు కింద సీతాకోకచిలుక లాంటి నీడ పడుతుంది, చెంప ఎముకలు తేలతాయి. దాన్ని బటర్‌ఫ్లై లైటింగ్ అంటారు. పక్కకి జరిపి కొంచెం పైకెత్తితే, చీకటి వైపు చెంప మీద కంటి కింద ఓ చిన్న త్రికోణం వెలుగుతుంది. అది రెంబ్రాంట్ లైటింగ్. కెమెరా వైపు తిరిగిన చెంపని నీడలో ఉంచి అవతలి చెంప మీద లైటు వేస్తే గుండ్రటి మొహం సన్నబడుతుంది. నీడ మరీ గట్టిగా ఉందనుకుంటే ఇటుపక్క ఓ థర్మోకోల్ షీటు పట్టుకుంటే చాలు. అదే మనిషి, అదే కుర్చీ, పది నిమిషాల్లో నలుగురు వేర్వేరు మనుషులు. ఇంకా కంప్యూటర్ తెరవనే లేదు.

అందుకే, "ఎడిట్ చెయ్యని ఫోటో నిజం, ఎడిట్ చేసింది అబద్ధం" అని ఎవరైనా అంటే నాకిప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. ఏడాది తిరిగేసరికే, 1840లో, ఫ్రాన్సులో ఇపాలిత్ బయార్ అనే ఆయన తనని తాను నీళ్ళలో మునిగి చచ్చిపోయిన శవంలా ఫోటో తీసుకున్నాడు. తన పద్ధతిని పట్టించుకోకుండా ప్రభుత్వం గౌరవమంతా డగేర్‌కి కట్టబెట్టిందని ఆయన కోపం. అందులో ఎడిటింగ్ ఏమీ లేదు. కెమెరా ముందున్నదే కెమెరాలో పడింది. అయినా అది శుద్ధ అబద్ధం. తర్వాత గాజు నెగెటివ్‌ల కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ తో మొహం ముడతలు చెరపడం స్టూడియోల్లో మామూలు పని అయిపోయింది. ఫోటోషాప్ 1990లో వచ్చింది. అది పాత చేతివాటానికే కొత్త పనిముట్టు.

కెమెరా కాకపోతే ఫిల్మ్ అయినా తటస్థంగా ఉందా అంటే అదీ లేదు. కలర్ ప్రింట్లు కడిగే ల్యాబుల్లో రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి కోడాక్ ఒక కార్డు పంపేది. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి ఫోటో ఉండేది. మొదట దానికి కూర్చున్న ఉద్యోగిని పేరు మీదే దాన్ని షర్లీ కార్డ్ అనేవాళ్ళు. ఆమె చర్మం సరిగ్గా వస్తే అందరి చర్మమూ సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లటి పిల్లలూ తెల్లటి పిల్లలూ కలిసి కూర్చున్న స్కూల్ గ్రూప్ ఫోటోల్లో నల్లటి మొహాలు మసి ముద్దలైపోయేవి. ఫిల్మ్‌లో ముదురు రంగులు మెరుగుపడటానికి ఒత్తిడి తెచ్చినవాళ్ళలో చాక్లెట్ కంపెనీలూ, చెక్క ఫర్నిచర్ కంపెనీలూ ఉన్నాయి. వాళ్ళ సరుకులోని గోధుమ రంగు ఛాయలు ప్రకటనల్లో తేలటం లేదని వాళ్ళ బాధ. ఇది చదివిన రోజు మా స్టూడియో గోడ మీది పెళ్ళికూతుళ్ళ ఫోటోలు కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఒక్కరి రంగూ వాళ్ళ రంగు కాదు. కొన్ని నేనే చేశాను.

*

మా స్టూడియోలో రోజూ వినపడే మాటలు కొన్నే. మొటిమలు తియ్యండి. పొట్ట తగ్గించండి. పక్కన నిలబడ్డ ఆయన్ని తీసెయ్యండి, ఇప్పుడు మాటల్లేవు. ఆధార్ కార్డు మీది ఫోటోని పెద్దది చేసి ఫ్రేమ్ కట్టివ్వండి, మనిషి పోయిండు. ఈ చివరి రకం పని కోసం మా కంప్యూటర్లో ఒక ఫోల్డర్ ఉంటుంది. దాన్నిండా తలల్లేని కోట్లూ, చొక్కాలూ, పట్టుచీరలూ. బతికుండగా కోటు వేసుకోని మనుషులు ఎంతమందో ఈ ఫోల్డర్ లోంచి కోటు తొడుక్కుని గోడలెక్కారు. చనిపోయిన తండ్రిని తెచ్చి కూతురి పెళ్ళి ఫోటోలో నిలబెట్టడం కూడా ఇప్పుడు మామూలే.

అన్నిటికంటే ఎక్కువగా వినేది "జర తెల్లగ చెయ్యి." 1975 నుంచి అమ్ముడైన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో పేరు మార్చుకుంది. మా పనిముట్టుకి ఎప్పుడూ అలాంటి పేరు లేదు కాబట్టి మార్చే ఇబ్బంది కూడా రాలేదు. దాని పేరు ఎక్స్‌పోజర్, కుడివైపు జరపడమే.

రీటచింగ్ నేర్పేటప్పుడు చాలామంది చెప్పే ఒక సూత్రం ఉంది. మాకూ చెప్పారు. రెండు వారాల్లో తనంతట తానే పోయేది ఏదైనా తీసెయ్, ఎప్పటికీ ఉండేది ఉంచు. మొటిమ తియ్యొచ్చు, పుట్టుమచ్చ ఉంచాలి. నిద్రలేక ఉబ్బిన కన్ను సరిచెయ్యొచ్చు, మెల్లకన్ను ముట్టుకోకూడదు. నాకు ఇది బాగా నచ్చింది. నిజం అంటే ఏమిటి అని తల పట్టుకోకుండా పని జరిగిపోయే సూత్రం. దాని లెక్కన చర్మం రంగు ముట్టుకోకూడదు. అంచేత నేను ముట్టుకోను అని ఒక నిర్ణయం తీసేసుకున్నాను. కొత్తగా వేదాంతం వంటబట్టినవాళ్ళకి ఉండే గర్వంతో.

అలాంటి రోజుల్లో ఒక తల్లీ కూతురూ వచ్చారు. సంబంధాల కోసం ఫోటో. ఆ అమ్మాయిది మంచి నలుపు. అలాంటి చర్మానికి లైటు ఎలా వెయ్యాలో అప్పుడే నేర్చుకున్నాను. లేత రంగు మొహానికి ఆకారం ఇచ్చేవి నీడలు. ముదురు రంగు మొహానికి ఆకారం ఇచ్చేవి మెరుపులు. అందుకని పెద్ద సాఫ్ట్‌బాక్స్‌ని మొహానికి బాగా దగ్గరగా, పక్క నుంచి తెచ్చి, నుదుటి మీదా చెంప ఎముక మీదా మెరుపు మెత్తగా పరుచుకునేలా పెట్టాను. బ్యాక్‌గ్రౌండ్ తెలుపు తీసేసి ముదురాకుపచ్చ వేశాను. ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టాను. ఫోటో చాలా బాగా వచ్చింది. ఇది గొప్పకి చెప్పడం లేదు, ఆ అమ్మాయే అలా ఉంది.

తల్లి కూడా చూసి, "మంచిగొచ్చింది బిడ్డా" అంది. "ఇగ జర తెల్లగ చెయ్యి."

నేను ఉపన్యాసం మొదలెట్టాను. రంగులో ఏముంది ఆంటీ, అమ్మాయి ఎంత కళగా ఉందో చూడండి, ఇట్లా చేసుకుంటూ పోతే... ఆమె నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది. "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. వచ్చేటోళ్ళకు గూడ నువ్వే చెప్తవా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అంతలో ఫోన్ మోగితే ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళింది.

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఆ అమ్మాయి, "చెయ్యకక్కా" అంది.

నా వైపు ఒక ఓటు పడిందని సంబరపడ్డాను. రంగు గురించి, ఆత్మగౌరవం గురించి ఏదో అంటుందనుకున్నాను. ఆమె అన్నది వేరు.

"నల్లగున్న ఫోటో పంపితే, నచ్చకుంటే ఫోన్లనే వద్దంటరక్కా. అది మా నాన్నతోని అంటరు. తెల్లగ చేసి పంపితే ఇంటికొస్తరు. నేను చాయ్ పట్టుకొని పోత. నన్ను చూడంగనే వాళ్ళ మొహాలు మారుతయి. అది నేను చూడాలె. రెండుసార్లు చూసిన."

తల్లి తిరిగొచ్చింది. నేను సార్ దగ్గరికి వెళ్ళి, అమ్మాయికి ఇష్టం లేదంట అని చెప్పాను. "పైసలిచ్చేది వాళ్ళమ్మ" అన్నారు సార్, చెడ్డగా ఏమీ కాదు, మామూలుగానే. కర్వ్స్ తెరిచి, మొహానికీ మెడకీ చేతులకీ మాస్క్ గీసి, రెండు నిమిషాల్లో పని పూర్తి చేశారు. ఆ రెండు నిమిషాలూ నేను పక్క టేబుల్ దగ్గర ఎవరివో పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తూ నిలబడ్డాను. ముట్టుకోను అన్న నా నిర్ణయం నిలబడింది. ఆ అమ్మాయి కవరు తీసుకుని, "పోయొస్తా అక్కా" అని వెళ్ళిపోయింది.

*

నేనూ ఆమె తల్లీ వాదించుకున్నది ఫోటో గురించి. ఫోటో నిజమా కాదా, అందం అంటే ఏమిటి, సమాజం ఎట్లా ఉంది. ఆ అమ్మాయి మాట్లాడింది ట్రే గురించి. ఫోటోకీ మొహానికీ మధ్య మేము ఓ తేడా తయారుచేస్తున్నాం. ఆ తేడా గాల్లో ఉండిపోదు. ఏదో ఒక రోజు ఎవరో ఒక మనిషి దాన్ని చేతుల్లో పట్టుకుని నలుగురి ముందుకీ నడవాలి. చేసేది మేము, చేయించేది తల్లి, మోసేది ఆమె.

అప్పటి నుంచి ఈ విషయంలో నా ప్రశ్న మారింది. ఈ ఫోటో నిజమేనా అని అడగడం తగ్గించాను. ఈ తేడా ఎవరు మోస్తారు అని అడుగుతున్నాను.

ఇలా అడిగితే కొన్ని పాత గొడవలు నాకు తేటపడ్డాయి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ళు అడ్డంగా ఉన్న ఫోటో నిలువు కవరులో పట్టడం కోసం గీజా పిరమిడ్లని కంప్యూటర్లో దగ్గరికి జరిపారు. పిరమిడ్లకి పోయిందేమీ లేదు. తేడా మోసింది పాఠకుల నమ్మకం, ఆ తర్వాత అదే పత్రిక కోసం ఎండల్లో తిరిగిన ఫోటోగ్రాఫర్లందరూ. 1994 జూన్ లో టైమ్ పత్రిక ఓ.జె. సింప్సన్ ని అరెస్టు చేసినప్పుడు పోలీసులు తీసిన ఫోటోని మరింత నల్లగా చేసి కవరు మీద వేసింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫోటోని అలాగే వేసింది కాబట్టి బజారులో రెండూ పక్కపక్కన కనపడి గొడవైంది. సింప్సన్ నేరం చేశాడా లేదా అన్నది వేరే సంగతి. నలుపు అంటే భయం అన్న ఆ తేడాని మోసింది ఆయనొక్కడే కాదు, ఆయనలా కనపడే ప్రతి మనిషీ. మేము తెల్లగా చేస్తాం, వాళ్ళు నల్లగా చేశారు. రెండు చోట్లా బరువు పడ్డది ఒకే రకం చర్మం మీద.

నార్వేలో 2022 జులై నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ప్రకటనల్లో మనిషి ఆకారాన్నో, చర్మాన్నో మారిస్తే, మార్చామని ఆ ఫోటో మీద ముద్ర వెయ్యాలి. చూసేవాళ్ళు అపరిచితులైనప్పుడు ఇది మంచిదే. కానీ మా స్టూడియో ఫోటోలు చూసేది అపరిచితులు కారు, లేదా ఇంకో నెలలో చుట్టాలు కాబోయే అపరిచితులు. పెళ్ళి ఫోటో మీద "ఇది తెల్లగా చేసిన ఫోటో" అని ముద్ర వేస్తే ఆ ట్రే తేలికవుతుందా? నాకైతే రెండింతలు అవుతుందనిపిస్తుంది.

చూసేదెవరు అన్న ప్రశ్న మన ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. పరదా పాటించే స్త్రీలు మగవాళ్ళ కంట పడకుండా ఫోటో దిగి వెళ్ళొచ్చు. ఆ కట్టుబాట్లు మంచివని నేననను. కానీ ఆ ఏర్పాటులో ఒక తెలివిడి ఉంది. ఫోటో దిగిన తర్వాత దాని ఫలితం అనుభవించేది కెమెరాకి ఇటువైపు ఉన్నవాళ్ళు కాదు, అటువైపు కూర్చున్న మనిషి అని.

ఇంతవరకూ వచ్చేసరికి నాకో సూత్రం దొరికిందనుకున్నాను. ఎవరి మొహమో వాళ్ళే మోస్తారు, కాబట్టి వాళ్ళ మాటే చెల్లాలి. అప్పుడు మా అమ్మమ్మ చనిపోయింది.

*

మా అమ్మమ్మది దేవరకొండ దగ్గర పల్లెటూరు. సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్న కొత్తల్లో ఆ ఇంటికి వెళ్ళి ఆమె మీదే ప్రాక్టీసు చేశాను. మధ్యాహ్నం పూట వాకిలి తలుపు తీసి పెడితే ఎండ నేరుగా పడకుండా వెలుగు మాత్రమే లోపలికొస్తుంది. ఎంత డబ్బు పోసినా అంత మంచి సాఫ్ట్‌బాక్స్ రాదు. ఆమె గుమ్మానికి ఇవతల పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎడమ పక్కనుంచి వెలుగు. ఏదో అన్నాను, తలెత్తి చూసింది, నొక్కాను.

ఆమె పోయాక పదకొండో రోజుకి ఫ్రేమ్ కట్టించడానికి ఆ ఫోటోయే తీశాం. ముందురోజు రాత్రి లాప్‌టాప్‌లో తెరిచి, 200 శాతం జూమ్ చేసి, అలవాటు ప్రకారం ఒక మూల నుంచి మొదలెట్టాను. సెన్సర్ మీది దుమ్ము చుక్కలు, గోడ మీది మరకలు. హీలింగ్ బ్రష్ తో ఒక్కో నొక్కూ నొక్కుతూ మొహం దగ్గరికొచ్చాను. చెవి తమ్మెలో ఒక నల్లటి చుక్క ఉంది. నొక్కాను. పోయింది. ఇంకో రెండు నొక్కులు ముందుకు వెళ్ళిపోయాక చెయ్యి ఆగింది.

అది చుక్క కాదు, వేప పుల్ల.

పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ అప్పటికే, "పుల్ల తీసేసినవా?" అంది. కంట్రోల్ జెడ్ నొక్కుతూ వెనక్కి వెళ్ళాను. పుల్ల తిరిగొచ్చింది.

కథ నాకు కొంత తెలుసు, ఆ రాత్రి పూర్తిగా తెలిసింది. అమ్మమ్మకి ఏడు రాళ్ళ కమ్మలు ఉండేవి. మామ బోరు వేయిస్తానంటే కుదువ పెట్టారు. బోరులో దుమ్ము వచ్చింది. ఇంకో చోట వేశారు, అక్కడా నీళ్ళు పడలేదు. కమ్మలు విడిపించలేకపోయారు. చెవి రంధ్రాలు పూడిపోకుండా ఆమె వేప పుల్లలు పెట్టుకుంది, కమ్మలు ఇంటికొచ్చేదాకా అని. అమ్మకి అప్పుడు ఇంకా పెళ్ళి కాలేదు. అంటే నా వయసు కంటే ఎక్కువ ఏళ్ళు ఆ పుల్లలు, విరిగినప్పుడల్లా కొత్తవి, అక్కడే ఉన్నాయి.

రెండు వారాల సూత్రం గుర్తొచ్చింది. ఇది పోయేదా, ఉండేదా? ఆమె లెక్కలో అది నాలుగు నెలల్లో, పంట చేతికి రాగానే పోయేది. చచ్చేదాకా ఆమె లెక్క అదే అయ్యుంటుంది. లేకపోతే రంధ్రాలు పూడిపోనిచ్చేది కదా.

అమ్మ స్క్రీన్ వైపు చూస్తూనే, "కమ్మలు పెట్టొస్తదా అందుల?" అని అడిగింది.

వస్తుంది, కానీ పెట్టను అన్నాను. పుల్ల ఉండటమే ఆ ఫోటో అని చెప్పాను. కమ్మలు పెడితే బోరు చెరిగిపోతుంది, కుదువ చెరిగిపోతుంది, మామ బాకీ కూడా చెరిగిపోతుంది. రేపు గోడ మీద చూసినవాళ్ళు ఈమె బంగారం పెట్టుకుని బతికిందనుకుంటారు. ఇంత చెప్పాను. నేను చెప్పినదాంట్లో ఇప్పటికీ తప్పేమీ కనపడదు నాకు.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "నీకు ఆ పుల్ల కథ బిడ్డా. నాకు కథ కాదు. తలకు నూనె పెట్టినప్పుడల్ల చూసిన నేను. ఇగ గోడ మీద గూడ అదే చూడాల్నా? బతికుండంగ తేలేకపోయిన. ఇప్పుడన్న పెట్టనీ."

*

రోలాండ్ బార్త్ 1980లో ఫోటోగ్రఫీ మీద రాసిన పుస్తకం మా కోర్సులో చదివించారు. తల్లి చనిపోయాక ఆమె ఫోటోలన్నీ వెతుకుతాడాయన. దేనిలోనూ ఆమె దొరకదు. చివరికి ఆమె ఐదేళ్ళప్పటి ఫోటోలో దొరుకుతుంది. పుస్తకంలో ఎన్నో ఫోటోలు వేసి, దాని గురించే పేజీలకి పేజీలు రాసి, ఆ ఒక్క ఫోటో మాత్రం మనకి చూపించడు. అది తనకొక్కడికే ఫోటో, మనకి ఎవరో ఒక పాప. క్లాసులో ఇది చదివినప్పుడు కొంచెం చిరాకేసింది, చూపిస్తే ఏం పోయింది అని. ఆ రాత్రి అర్థమైంది. సాక్ష్యం కావాల్సింది చూడనివాళ్ళకి. చూసినవాళ్ళకి ఫోటోతో ఉండే అవసరం వేరు.

నాకు సాక్ష్యం ఎందుకు కావాలి అని కూడా అడుక్కున్నాను. జవాబు అంత గౌరవంగా లేదు. పుల్లని గుర్తుపట్టిన క్షణంలో నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, ఇది ఎంత మంచి ఫోటో అనిపించడం. చెవిని క్లోజప్‌లో క్రాప్ చేస్తే ఎలా ఉంటుందో అప్పుడే కళ్ళ ముందుకొచ్చింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే కింద ఏం రాయాలో కూడా సగం తయారైంది. నేను కాపాడుతున్నానన్న నిజంలో నా వాటా కొంత ఉంది.

స్టూడియోలో నేర్చుకున్న ప్రశ్నే ఇక్కడా అడిగాను, తేడా ఎవరు మోస్తారు? ఈసారి ఫోటోలో ఉన్న మనిషి లేదు. ఫోటోని ఉన్నదున్నట్టు వదిలేస్తే, పొద్దున లేవగానే ఆ పుల్లని చూసి వంటింట్లోకి వెళ్ళేది అమ్మ. సిటీలో కూర్చుని నిజాయితీగా ఉండేది నేను. మారిస్తే ఎవరు మోస్తారు? ఇంట్లో పెద్దవాళ్ళందరికీ కమ్మలు ఎక్కడికి పోయాయో తెలుసు. వాళ్ళని ఎవరూ మోసం చెయ్యటం లేదు. మామకి ఆ కమ్మలు చూసి తేలికవుతుందో, ఇంకా బరువవుతుందో చెప్పలేను. తెలియనిది పిల్లలకి. మామ మనవరాలు రేపు ఆ గోడ చూసి, మా తాతమ్మకి ఎంత మంచి కమ్మలున్నాయో అనుకుంటుంది. ఆ తేడా మోయాల్సింది నేను. చెప్పాల్సిన సమయంలో కూర్చోబెట్టి చెప్పాలి. ఒరిజినల్ ఫైలు నా దగ్గర రెండు చోట్ల ఉంది.

అందుకే ఆ అమ్మాయి రంగు మార్చకూడదన్న నేనే అమ్మమ్మ చెవికి కమ్మలు పెట్టాను. పెద్ద అబద్ధం ఏది అంటే రెండోదే. రంగు ఒక షేడ్ మారింది, ఇక్కడ లేని బంగారం వచ్చింది. అయినా మొదటిది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది, ఇది గుచ్చుకోదు. ఇదంతా నా సొంతవాళ్ళకి ఒక న్యాయం, కస్టమర్లకి ఒక న్యాయం అని ఎవరైనా అంటే, ఆ అనుమానం నాకూ ఉందని ఒప్పుకుంటాను. ఆ తల్లి కూడా తన బిడ్డ కోసమే అడిగింది. కాకపోతే ఆమె అడిగినదాని బరువు బిడ్డ మీద పడింది. మా అమ్మ అడిగినదాని బరువు నా మీద పడింది, నేను కాదనలేదు.

*

పని మాత్రం తేలిక కాలేదు. ఆ కమ్మల ఫోటో ఒక్కటీ లేదు. మా మేనత్తకి ఏడు రాళ్ళ కమ్మలు ఉంటే అడిగి తెచ్చాను. అమ్మమ్మ ఫోటోలో వెలుగు ఎడమ నుంచి, కొంచెం పై నుంచి, మెత్తగా వస్తోంది. మధ్యాహ్నం దాకా ఆగి, అదే వాకిలి దగ్గర, అదే వైపు నుంచి, అంతే దూరంలో కమ్మని పట్టుకుని తీశాను. ఎర్ర రాళ్ళలో తలుపు ఆకారం సన్నగా మెరిసింది. కత్తిరించి చెవి మీద పెడితే అతికించినట్టే ఉంది. తమ్మె మీద పడే నీడ వేరే లేయర్‌లో గీశాను. అప్పుడూ కుదరలేదు. కాసేపటికి తట్టింది, బరువు లేదు. ఏళ్ళ తరబడి పుల్లని మాత్రమే మోసిన తమ్మె అది. కమ్మ పెడితే కొంచెం కిందికి సాగాలి. లిక్విఫై తీసుకుని, స్టూడియోలో నడుములు సన్నబరిచే పనిముట్టుతో, అమ్మమ్మ తమ్మెని పావు గింజంత కిందికి లాగాను. అప్పుడు కమ్మ చెవికి పట్టుకుంది.

అమ్మని పిలిచి చూపించాను. దగ్గరికి వంగి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చూపుడువేలు స్క్రీన్ మీద పెట్టి కమ్మ చుట్టూ సున్నా చుట్టింది.

"మా అమ్మయి ఇంత పెద్దగ లేకుండె. చిన్నగ చెయ్యి" అంది.

చేశాను. ఇంకా కొంచెం అంది. ఇంకా తగ్గించాను. మూడోసారికి తలూపింది.

"ఆ. అంతే ఉండె."